చెల్లెమ్మ మళ్ళీ కోసిన గొట్టం

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. షెడ్డులో అన్నగారు "చెల్లెమ్మా, ఆ స్పానర్ ఇటివ్వు" అని అరుస్తుండేవాడు. అది విన్న కస్టమర్లంతా అదే పిలుపు పట్టుకున్నారు. ఇప్పుడు నెత్తి నెరిసిన తాతగార్లూ చెల్లెమ్మే అంటారు, నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్ళూ చెల్లెమ్మే అంటారు. ఆవిడా పలుకుతుంది.

కార్లకు పొగగొట్టాలు చేయడం ఆవిడ పని. అందులోనూ నేలను రాసుకుంటూ పోయే తేలికపాటి స్పోర్ట్స్ కార్లంటే చెవి కోసుకుంటుంది. వాటికి సరిపడే గొట్టం బజారులో దొరకదు. కారు కింద వెల్లకిలా పడుకుని, లావుపాటి ఇనుప తీగను వంచుతూ ఇంజను దగ్గర నుంచి వెనకదాకా దారి చూసుకుంటుంది. ఆ తీగ ఎలా వంగిందో గొట్టమూ అలాగే వంగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కోసి అవతల పారేస్తుంది. అంత మొండిఘటం.

ఆ విద్య నేర్పిన అన్నగారు మాత్రం పని మానేశాడు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వాళ్ళు డబ్బా అంటారు. దాని లోపల తేనెపట్టులా సన్నసన్నటి గదులున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. కారు ఇంకాస్త ఉరకాలని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు ఆయన ఆ దిమ్మను కడ్డీతో పొడిచి దులిపేసేవాడు. ఆ దుమ్మూ, ఆ తర్వాత వచ్చే పచ్చి పొగా ఏళ్ళ తరబడి పీల్చాడు. ఇప్పుడు దగ్గర్లో ఏ కారు స్టార్టయినా దగ్గి దగ్గి మెలికలు తిరిగిపోతాడు.

ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, అన్నాచెల్లెళ్ళు కలిసి కట్టుకున్న రెండు సీట్ల చిన్న కారు. అదేమో పొగ పరీక్షలో తప్పింది. పాత డబ్బా పాడైపోయిందని కొత్తది బిగించారు. మళ్ళీ తప్పింది. మూడోసారీ తప్పితే నంబరు ప్లేటు పీకేసి బండిని తుక్కుకు పంపిస్తారు.

"గొట్టం చివర చిన్న బెజ్జం పెట్టవే," అన్నాడు అన్నగారు. "గాలి కలిసి మీటరు తక్కువ చూపిస్తుంది. మనం చెయ్యని పనా?"

"ఇలాంటివి చేశాం కాబట్టే నువ్విలా దగ్గుతున్నావు," అంది ఆవిడ. "ఈ బండికి మాత్రం ససేమిరా చెయ్యను. చస్తే చెయ్యను!"

అన్నగారు మొహం మాడ్చుకుని, పొగ తగలనంత దూరం పోయి కూర్చున్నాడు. ఆవిడ కాసేపు బండి నడిపి తెచ్చి, ఇంజను ఆపకుండా కింద కూర్చుంది. చెంబులో వేళ్ళు ముంచి ఇంజను దగ్గరి గొట్టం మీద చిలకరించింది. నీళ్ళు చుయ్యిమని ఎగిరిపోయాయి. వెనకాల ఉన్న డబ్బా మీద చిలకరించింది. చుక్కలు కదలకుండా కూర్చుని, తీరిగ్గా ఆరాయి.

డబ్బా బాగా కాగితే తప్ప పనిచేయదు. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు. ముందు అది ఇంజనును ఆనుకుని, తలుపు కిందే ఉండేది. అన్నగారు దిగబోతూ పిక్క కాల్చుకున్నాడు, తోలు ఊడొచ్చింది. అది చూడలేక ఆవిడే డబ్బాను బండి తోక దాకా జరిపింది. అక్కడికి చేరేసరికి పొగ సగం చల్లారుతోంది. అన్న కాలు కాపాడబోయి అన్న బండినే చంపుకున్నానని తెలిసి, తన మీద తనకే ఒళ్ళు మండింది.

వెంటనే ఇంజను ఆపేసి కటింగ్ మిషన్ ఆన్ చేసింది.

"ఒసేయ్, ఆగవే! నీ చేతి పనిలో అంత అందమైన అతుకు ఇంకోటి లేదు!" అన్నగారు పరుగెత్తుకొచ్చి గుండెలు బాదుకున్నాడు.

"అందం కొరుక్కుతింటామా? జరుగు, నిప్పురవ్వలు మీద పడతాయి."

గొట్టం రెండు ముక్కలైంది. మళ్ళీ తీగ, మళ్ళీ వంపులు. డబ్బాను ఇంజను పక్కకే తెచ్చింది. కాలు తగిలేచోట రెండు పలుచటి రేకులు, మధ్యలో గాలి ఆడేలా సందు వదిలి బిగించింది. తన అరచెయ్యి ఆ రేకు మీద పెట్టి చూస్తే చుర్రుమంది. విప్పేసి సందు పెంచింది. మళ్ళీ చుర్రుమంది. ఈసారి రేకుకు పైనా కిందా గాలిదారి తెరిచి, చెయ్యి ఆనించి, కదలకుండా నిలబడగలిగినప్పుడే స్పానర్ కింద పెట్టింది.

పరీక్ష కేంద్రంలో ముందు బోలెడు బండ్లున్నాయి. అన్నగారు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ సీట్లో కూర్చుని ఇంజను చల్లారనీయకుండా గుర్రుగుర్రుమనిపిస్తూనే ఉంది. వరుసలో వాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనిచ్చింది. వంతు రాగానే పరీక్షాయన గొట్టంలో పొగను కొలిచే మీటరు కడ్డీ పెట్టాడు. తెర మీద అంకెలు కాసేపు ఊగిసలాడి, దిగడం మొదలుపెట్టాయి. దిగుతూనే ఉన్నాయి.

"పాసైందమ్మా, తీసుకెళ్ళండి."

ఆవిడ తల తిప్పేసరికి అన్నగారు గోడ దగ్గర లేడు. బండి వెనక, నడుస్తున్న ఇంజను పొగలో వంగి నిలబడి గాలి పీలుస్తున్నాడు.

"పిచ్చా నీకు? విషం మొత్తం పోతుందనుకున్నావా? ఇవతలికి రా!"

"దగ్గు రాలేదే చెల్లెమ్మా," అన్నాడాయన, చిన్నపిల్లాడిలా నవ్వుతూ.

ఆవిడకు కోపమూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. దిగి, ఆయన రెక్క పట్టుకుని లాక్కొచ్చి స్టీరింగ్ వైపు తోసింది. "ఎక్కు. నువ్వే నడుపు."

ఎక్కేటప్పుడు ఆయన పిక్క ఆ రేకుకు ఆనుకుంది. ఆయన గమనించనే లేదు. చెల్లెమ్మ మాత్రం చూసింది.