మాల వేసిన ఇంట్లో వెనిగర్ డబ్బా

అయ్యప్ప స్వాములు భిక్షకి వచ్చిన రోజు, సరిగ్గా హారతి వేళ, కన్నతండ్రి నెత్తిన సారా వాన కురిపించిన ఘనత నరసరావుపేట మొత్తం మీద నాకొక్కడికే దక్కింది. కంగారు పడకండి, ఎవరూ పోలేదు. పోవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను కాపాడింది మా నాన్న మెడలోని మాల.

ఇంజనీరింగ్ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. సరే, పల్నాటి మిరపకాయలతో సాస్ చేసి అమ్ముదామనుకున్నాను. సాస్‌కి వెనిగర్ కావాలి. బజార్లో సీసాలకి సీసాలు దొరుకుతుంది. కానీ కారం మనదైనప్పుడు పులుపు పరాయిది ఎందుకని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మా సీమలో వెనకటికి కోడిపందెం మీద యుద్ధాలు చేశారు. వాళ్ళతో పోలిస్తే నాది చిన్న గొడవే.

సరుకుకి కొదవ లేదు. నాన్న ఆ ఏడే మొదటిసారి మాల వేశారు. మాల వేసిన ఇంట్లో అరటిపళ్ళు పడ్డట్టు చుట్టాలు కూడా పడరు. రెండు పూటలా పూజ, పూజకో డజను. నల్లబడిపోయిన ఆ పళ్ళూ, మా కిరాణా కొట్టులో కరిగిపోయి ఎవరూ కొనని బెల్లం దిమ్మా కలిపి, నీళ్ళు పోసి, ఖాళీ నూనె డబ్బాలో నింపాను.

ఇక్కడ నాన్న గురించి ఒక ముక్క చెప్పాలి. కందిపప్పులో రాళ్ళున్నాయని ఎవరైనా అంటే, ఆ రాళ్ళు ఏరి, విడిగా తూచి, నాలుగు తిట్లు కొసరేసి చేతిలో పెట్టే మనిషి. అలాంటాయన దీక్షలో కోపం మానేశారు. మగవాళ్ళంతా 'స్వామి', ఆడవాళ్ళంతా, కన్నతల్లితో సహా, 'మాత'. బారెడు పొద్దెక్కాక నేను లేస్తే "లేచారా స్వామీ" అనేవారు. ఆ మర్యాద వింటే నాకు చలిజ్వరం వచ్చేది. కొండకి తీసుకెళ్ళే గురుస్వామి ముందే షరతు పెట్టారు: "నీ నోరు సంగతి బజారంతా తెలుసు స్వామీ. దీక్షలో ఒక్కసారి జారినా నీ ఇరుముడి నేను కట్టను." ఇరుముడి నెత్తిన లేకపోతే పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. నాన్నకి ఆ మెట్లెక్కాలని ఎన్నేళ్ళ ఆశో.

ఇక డబ్బా దగ్గరికి వద్దాం. మూతికి గుడ్డ కడుతుంటే మా నాయనమ్మ వచ్చింది.

"ఏందిరా ఆ గుడ్డ పేలిక?"

"గాలి ఆడాలంట నాయనమ్మా. వీడియోలో అమ్మాయి చెప్పింది."

"గాలి ఆడటానికి అదేమన్నా మంచమేసుకుని పడుకునే మనిషా? గాలి తగిల్తే బూజు పట్టుద్దిరా సన్నాసీ!"

"ఇది ఆవకాయ కాదే, వెనిగర్."

"ఊరేసేది ఏదైనా ఒకటే. ఈ బజారులో నా జాడీకి బూజు పట్టిందని ఒక్కరిని చెప్పమను చూద్దాం!"

ఎవరూ చెప్పలేరు. ఆ వీడియో అమ్మాయి మాట వినేవాళ్ళు లక్షల్లో ఉంటారు కానీ, నేను తినాల్సింది మా నాయనమ్మ చేతి అన్నమే. మూత బిగించాను. పైన పాలిథిన్ కవరు, దానిమీద పురికొస, దానిమీద టేపు. "ఇంకో చుట్టు తిప్పు" అంటూ ఆవిడే దగ్గరుండి తిప్పించింది. గాలి ఆడితేనే అది వెనిగర్ అవుతుందనీ, ఆడకపోతే సారా దగ్గరే ఆగిపోతుందనీ, పైగా డబ్బా పేలుతుందనీ వీడియో చివర్లో ఉందట. నేను చివరిదాకా చూడలేదు. మీరు చూస్తారా ఏం?

వెచ్చగా, చీకటిగా ఉండే చోట పెట్టమన్నారు. అలాంటి చోటు మా ఇంట్లో ఒక్కటే: హాల్లో, పూజ పీఠానికి సరిగ్గా పైన, అటక.

రోజూ నిచ్చెనేసుకుని చూసేవాణ్ణి. డబ్బా నిండు చూలాలిలా తయారైంది.

"నాయనమ్మా, ఉబ్బుతా ఉందే!"

"ఉబ్బనీరా. పూరీ ఉబ్బితే మంచిదా, చెడ్డదా?"

"మంచిదే."

"మరింకేంది?"

ప్రెషర్ గురించి నేను నాలుగేళ్ళు రాసిన పరీక్షలన్నీ ఆ పూరీ ముందు తల వంచాయి.

భిక్ష రోజు హాలంతా నల్లబట్టల స్వాములే. ముందు గురుస్వామి, పక్కన హారతి పళ్ళెంతో నాన్న.

"స్వామియే..." అన్నారు గురుస్వామి.

"శరణమయ్యప్ప" అనవలసింది మేము. మాకన్నా ముందు డబ్బా అంది.

ఢాం!

మూత గోడకి తగిలి వంటింట్లోకి పోయింది. హారతి ఆరింది. నాన్న గడ్డం నిండా అరటిపండు గుజ్జు వేలాడుతోంది. గురుస్వామి తడిసిన తన పైపంచె ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"స్వామీ, ఇది బెల్లం ఊట."

సారా కాచడానికి నానబెట్టే ఊట! ఒక్క పీల్పుకే ఆయన అంత కచ్చితంగా ఎలా పోల్చారని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళని అడగకూడదు.

"సారా కాదు స్వామీ, వెనిగర్!" అన్నాను.

"వాసన ఆ మాట చెప్పట్లేదు స్వామీ" అన్నారాయన.

అందరూ నాన్న వైపు తిరిగారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఉబ్బితే ఏమవుతుందో అప్పుడే చూసి ఉన్నాను కాబట్టి రెండడుగులు వెనక్కి వేశాను. నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు.

"స్వామీ..." పళ్ళ మధ్యనుంచి వచ్చిందా మాట. "తమరు... ఏం చేశారు స్వామీ?"

"మూత బిగించాను స్వామీ."

"ఎవరు బిగించమన్నారు స్వామీ?"

నేను నాయనమ్మ వైపు చూశాను. ఆవిడ చెంగుతో గోడ తుడుస్తోంది.

"మాతా!" అన్నారు నాన్న.

"నాకేం తెలుసు నాయనా? చదువుకున్నోడు గదా అనుకున్నా."

నాన్న కళ్ళు మూసుకుని శరణుఘోష అందుకున్నారు. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ పిలవలేదు. కొండ మీది స్వామి ఉలిక్కిపడే ఉంటాడు.

గురుస్వామి నాన్న భుజం తట్టారు. "ఎవరం తాగలేదు గదా. ఇల్లు కడిగించు, పసుపునీళ్ళు చల్లించు, అందరం తలస్నానాలు చేద్దాం. నీ ఇరుముడి నేనే కడతా స్వామీ. ఇంత జరిగినా నోరు జారలేదు, ఇంకేం కావాల?"

ఇల్లు ఎవరు కడిగారో మీకు వేరే చెప్పనక్కర్లేదు. గోడకంటిన గుజ్జు గీకుతుంటే నాన్న వచ్చి నా పక్కన నిలబడి, ఎంతో మెల్లగా అన్నారు: "తొందరేం లేదు స్వామీ. కొండకి పోయొచ్చాక మాట్లాడుకుందాం."

ఆ తర్వాత రోజూ నాకు రెట్టింపు ప్రసాదం పెట్టేవారు. బలికి మేపుతున్నట్టుండేది.

వెళ్ళారు, పద్దెనిమిది మెట్లూ ఎక్కారు, ఆనందంగా తిరిగొచ్చారు. నాయనమ్మ చేతుల మీదుగా మాల తీయించుకుని, కళ్ళకద్దుకుని, పటానికి వేసి, నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"ఒరేయ్!"

అన్నాళ్ళ తర్వాత మా నాన్న గొంతు విన్నాను. నాతోపాటు బజారంతా విన్నది.

కాబట్టి పల్నాటి మిరపకాయ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: బెల్లం నానెయ్యనేల, ఇల్లు కడగనేల? ఈ జన్మలో ఇంట్లో వెనిగర్ పెట్టను. ఎప్పుడైనా బుద్ధి గడ్డి తిని పెట్టవలసి వస్తే, ముందు మాల నేను వేసుకుంటాను.