తడి ఆరని యోర్దాను

మా సంఘంలో బాప్తిస్మపు తొట్టి వెనక గోడ మీద ఒక నది ఉంది. వేయించింది నేనే. ఆదోనిలో బోర్డులు రాసే పెయింటరును పిలిపించి, యేసు బాప్తిస్మం తీసుకున్న యోర్దాను నది వేయమంటే, "యోర్దాను నేను యాడ సూసినా అన్నా? ఏదన్నా ఫొటో ఉంటే ఈయి" అన్నాడు. మా ఇంట్లో పాత క్యాలెండరు ఒకటి ఉండేది. అందులో ఎవరో ఫ్రాన్సు చిత్రకారుడి నది: బూడిదరంగు ఆకాశం, ఒడ్డున ఆకుల్లేని చెట్లు, నీళ్ల మీద తెల్లటి పలకలు. కింద కీర్తనలోని వాక్యం అచ్చు వేశారు కాబట్టి అది చాలనుకున్నాను. ఆ తెల్లవి ఏమిటని పెయింటరు అడిగితే నురుగని చెప్పాను. నీళ్లు గడ్డకట్టే ఊళ్లు కావు మావి.

అప్పటికి మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం దిగి ఏడాదయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయి. ముప్పై ఏళ్లు మా అమ్మ ప్రార్థనలను, నా ప్రసంగాలను నలుగురిలో ఎగతాళి చేసిన మనిషి, ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నన్ను గూడా ముంచండప్పా" అన్నాడు. బాప్తిస్మం లేనివాళ్లకు సంఘం సమాధుల తోటలో చోటు లేదు. అమ్మ అక్కడే ఉంది.

పాస్టరుగారు మరునాడే పొలంలో బోరు తొట్టి దగ్గర ఇచ్చేద్దామన్నారు. నేనే వద్దన్నాను. ఎగతాళి విన్న ఆ నలుగురి ముందే, ఆ నది ముందే నాయన మునగాలని పట్టుబట్టాను. అది దేవుని మహిమ కోసమనుకున్నాను. గోడ ఆరేదాకా తొట్టిలో నీళ్లు నింపడానికి లేదు.

పెయింటరు ఆ క్యాలెండరును చూసి చూసి, గీత గీసి రంగు నింపే తన అలవాటు మానేశాడు. కుంచెతో మరకలు మరకలుగా అద్దాడు. దగ్గరికి పోతే నది లేదు, ఊదా, బూడిద, లేత పసుపు మచ్చలే. "ఆడికి పోయి సూడన్నా" అని నన్ను తలుపు దాకా పంపేవాడు. అక్కడి నుంచి నీళ్లు కదిలేవి. నాకూ ఆశ పుట్టింది. ఇంకో నాలుగు రోజులు, ఇంకో వారం అంటూ ఆగాను.

ఒక ఆదివారం నాయనను ఆటోలో తెచ్చి చూపించాను. దగ్గు తగ్గాక గోడ వైపు చాలాసేపు చూశాడు.

"ఇంత సల్లని నీళ్లలోనా రా?"

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "బోరు కాడనే అయిపోయుండు గదప్పా" అన్నాడు.

గురువారం పోయినాడు. గోడకు వేలు ఆనిస్తే ఇంకా రంగు అంటుతూనే ఉంది.

పాస్టరుగారు ఏడ్చారు గానీ ఏమీ చేయలేకపోయారు. ఆ నియమం పెట్టిన పెద్దల్లో నేనొకణ్ణి. అంతకుముందు రెండు కుటుంబాలను తోట గేటు దగ్గర ఆపింది కూడా నేనే. నాయనను ఊరి బయట వంక గట్టున పూడ్చాము.

తర్వాత బడిలో డ్రాయింగు చెప్పే సారు గోడ చూసి, అది నురుగు కాదు, గడ్డకట్టిన నది పగిలి తేలుతున్న మంచు అన్నాడు. భార్య పోయాక వచ్చిన చలికాలంలో ఆ చిత్రకారుడు ఒడ్డుకు పోయి మళ్లీ మళ్లీ అదే వేశాడట.

యేసు పక్కన సిలువ మీదే పరలోకం పొందిన దొంగను ఎవరు ముంచారని పోయిన నెల పెద్దల కూటంలో అడిగాను. ఆ నియమం తీసేద్దామన్నాను. "ఇప్పుడా అన్నా?" అన్నాడు ఒకాయన, మెల్లగానే. తర్వాత నియమం ఎందుకు ఉండాలో బైబిలులోంచి ఒక్కొక్క వాక్యం తీసి చదివారు. అవన్నీ ఒకప్పుడు వాళ్లకు నేను ఏరి ఇచ్చినవే.