దేవమ్మ నలుపు

ఆదోని బస్టాండు ముందర కట్టిన ఫ్లెక్సీ చూడగానే మహేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. అది తాను తీసిన ఫోటోనే. ముఖం మాత్రం దేవమ్మది కాదు. పాలపిండి పూసినట్టు తెల్లగా, ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి పెట్టారు.

ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టిన మహేశ్వరి కెమెరా పట్టి ఇరవై రెండేళ్లు. బట్టల కొట్లు తెరవడానికొచ్చే సినిమావాళ్లు, ఎన్నికలొస్తే నాయకులు, అందరూ ఆదోనిలోని ఆమె స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నవాళ్లే. గడ్డం దించమంటే మంత్రయినా దించాల్సిందే. అయినా ఆమె గొప్పగా చెప్పుకునేది ఒక్క దేవమ్మ ఫోటో గురించే. హాలహర్వి దేవమ్మ యాభై ఏళ్లు పద్యనాటకాల్లో రాణి వేషం కట్టిన మనిషి. ఆమెను రంగు పూసుకోనివ్వకుండా, కిటికీ వెలుతురులో మూడు గంటలు కూర్చోబెట్టి తీసింది. నల్లరేగడి లాంటి ఆ నలుపు, ఆ చూపు మళ్లీ దొరకవనుకుంది. దేవమ్మకు సన్మానం చేసేవాళ్లు ఫ్లెక్సీకి ఆ ఫోటో అడిగితే, ఉన్నది ఉన్నట్టు వేయాలని చెప్పి మరీ ఇచ్చింది.

నేరుగా ఫ్లెక్సీలు వేసే సురేష్ మీదికి పోయింది.

"ఎవురు సెప్పినారురా నీకు ముఖం మార్సమని?"

"నా మీద ఎగరొద్దక్కా. దేవమ్మే వచ్చి, ఈడ దగ్గర కూసోని తెల్లగ సేయించుకోని పోయింది."

మహేశ్వరికి ఒళ్లు మండిపోయింది. సన్మానం జరిగే హాల్లో దేవమ్మను నిలదీసింది.

"నా ఫోటోను సంపేస్తివి కదమ్మా! నీ ముఖం నీకే సిగ్గయిందా?"

"యాభై ఏండ్లు తెల్లరంగు పూసుకోనే స్టేజీ ఎక్కినా. రంగు కడుక్కోని బయటికొస్తే గుర్తుపట్టినోడు లేడు. సప్పట్లు కొట్టింది ఆ తెలుపుకే." దేవమ్మ గొంతు కూడా లేచింది. "నన్నడుగుతాండావే, నీ స్టూడియో అద్దాల ఎనక అంతమంది పెండ్లికూతుర్లు ఉండారు కదా, ఒక్క నల్లపిల్లను సూపించు. ఈ సీమలో అందరూ తెల్లగానే పుట్టినారా?"

 ఆ పిల్లల్ని ఫోటోల్లో తెల్లగా చేసింది మహేశ్వరి చేతులే. తల్లులు అడిగారని కొందరిని, ఎవరూ అడగకపోయినా ఇంకొందరిని. కోపం తగ్గలేదు. తన మీదికే తిరిగింది.

సన్మానానికి ఉండకుండా స్టూడియోకు వచ్చేసింది. పెళ్లికూతుళ్ల ఫోటోలన్నీ దించి, తన కోసం పెద్దగా వేయించుకున్న దేవమ్మ నల్లటి ఫోటో ఒక్కటే వీధిలోకి కనబడేలా ఆ అద్దాల వెనక పెట్టింది.

సాయంత్రం భుజాన శాలువాతో దేవమ్మ వచ్చింది. బయట అద్దాల ముందు నిలబడి తన ఫోటో చూసుకుంది.

"తీసెయ్ పాపా. నలుగురూ సూస్తారు."

"సూడనీ," అంది మహేశ్వరి, ఇంకా కోపంగానే.