వెనక సీటు చార్జర్

2023లో, వానలు మొదలైన రోజులవి. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర నాది కార్ల ఎలక్ట్రికల్ పని చేసే చిన్న దుకాణం. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, హెడ్‌లైట్లు బాగుచేస్తూ ఇక్కడే సగం వయసు గడిచింది. ఈ మధ్య కొత్తరకం గిరాకీ ఒకటి మొదలైంది. కారులో ఫోన్లు, కెమెరాలు, ట్యాబ్‌లు బిగించుకుని అన్నిటికీ కరెంటు కావాలని వస్తున్నారు.

ఒక పొద్దున తెల్లటి క్యాబ్ వచ్చి ఆగింది. అందులోంచి దిగిన కుర్రవాడు నమస్తే పెట్టి, తన ఫోన్ నా ముందు పట్టుకున్నాడు. తెర మీద రాసి ఉంది: "అన్నా, నాకు వినపడది. మాట గూడ రాదు. బండిల వైర్లు జర సాఫ్ జేసియ్యాలె."

పేరు మల్లేశ్. ఉండేది దబీర్‌పురాలో, ఒక్కడే.

తలుపు తీసి చూస్తే లోపలంతా వైర్ల గుట్ట. సిగరెట్ లైటర్ సాకెట్ ఒక్కటే ఉంది. దానికొక మల్టీ ప్లగ్, ఆ ప్లగ్గులో ఇంకో మల్టీ ప్లగ్. దారి చూపే ఫోన్, అద్దం దగ్గర కెమెరా, వెనక కూర్చునే వాళ్లకు చార్జర్, ముందు ఒక పాత ట్యాబ్, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అసలు ముఖ్యమైనది ఆ ట్యాబ్. వెనక సీటు దగ్గరున్న చిన్న మైకులో ప్రయాణికులు ఏం మాట్లాడినా దాని మీద అక్షరాలుగా పడుతుంది. బండి ఆగినప్పుడు మల్లేశ్ చదువుకుంటాడు. ట్యాబ్ బ్యాటరీ పాతబడింది కాబట్టి వైరు ఊడితే క్షణాల్లో ఆరిపోతుంది.

ముందు వారం జరిగింది అదే. ఒకామె పురానాపూల్ దగ్గర ఆపమంది. ఆమె కాలు తగిలి అప్పటికే వైరు ఊడిపోయింది. వంతెన దాటినా కారు ఆగలేదు. ఆమె భయపడి అరిచింది, దిగాక ఫిర్యాదు చేసింది.

"ఇంకొక్క కంప్లయింట్ వస్తే క్యాబ్ కంపెనోళ్లు నా ఐడీ బంద్ జేస్తమన్నరు అన్నా" అని రాసి చూపించాడు.

లైటర్ సాకెట్ పట్టుకుంటే వేడిగా ఉంది. ప్లాస్టిక్ మెత్తబడుతోంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే అంటుకునేదే. బండి సాయంత్రం దాకా నా దగ్గర ఉంచమన్నాను.

బ్యాటరీ నుంచి విడిగా ఒక మందపాటి వైరు లాగి, బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజ్ పెట్టాను. వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే, మంట పుట్టక ముందే ఆ ఫ్యూజ్ కాలి కరెంటు ఆపేస్తుంది. తర్వాత రిలే. తాళం తిప్పితే కరెంటు వదిలి, తాళం తీస్తే ఆపేసే స్విచ్చు అది. అది లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఒక్కో పరికరానికి ఒక్కో చిన్న ఫ్యూజ్ ఇచ్చాను. వైర్లను కొలిచి కోసి, గొట్టంలో దూర్చి, తలుపు కింది పట్టీల లోపలి నుంచి తీసుకెళ్లాను. ముందు సీట్ల మధ్య, వెనక వాళ్ల చేతికి సరిగ్గా అందేచోట చార్జర్ సాకెట్ బిగించాను. పని అయ్యాక కారులో ఒక్క వైరూ కనిపించలేదు.

"ఈ ఫ్యూజ్ పోతే కెమెరా ఒక్కటే బంద్ అయితది తమ్మీ, తక్కినయి నడుస్తయి" అని మైకులో చెప్పాను. ట్యాబ్ మీద "ఈ పూజ పోతే" అని పడింది. మల్లేశ్ చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా నవ్వాడు.

ఆ పని నాకెంత నచ్చిందంటే, ఫొటోలు తీసి వచ్చినవాళ్లకల్లా చూపించేవాణ్ణి.

చలికాలంలో మళ్లీ వచ్చాడు. "ట్యాబ్ పని జేస్తలేదన్నా" అని రాసి చూపించాడు.

మీటరు పెట్టి చూశాను. కరెంటు సరిగ్గానే వస్తోంది. మైకులో మాట్లాడితే ప్రతి మాటా పడుతోంది. "మంచిగనే ఉంది గద తమ్మీ, ఏంది కష్టం?"

అతను స్టీరింగ్ మీదికి వంగి చాలాసేపు టైపు చేశాడు. తర్వాత ఫోన్ ఇచ్చి, ముఖం అటు తిప్పుకున్నాడు.

"చెడిపోలే అన్నా. నాకు ఎర్కే. కంప్లయింట్లు గూడ లేవు. గని ఎవ్వరు మాట్లాడ్తలేరు. ఇదివరకు వైర్ ఊడితే ఎనక కూసున్నోళ్లు వంగి పెడుతుండిరి. చార్జింగ్ ఎక్కకుంటే నా భుజం తట్టి ఫోన్ చేతికిస్తుండిరి. గప్పుడన్న నా మొఖం జూస్తుండిరి, జర నవ్వుతుండిరి. ఇప్పుడు ఎక్కుతరు, దిగుతరు. పొద్దుందాక బండిల మనుషులుంటరు, నేనొక్కణ్నే ఉంట."

మైకు నా చేతిలోనే ఉంది. ట్యాబ్ తెర ఖాళీగా వెలుగుతూ ఉంది.

"మరేం జెయ్యమంటవ్?" అన్నాను.

అతను ఫోన్ తీసుకుని రాశాడు: "ఎనక చార్జర్ తీసి ముంగట పెట్టు."

"ముంగట పెడితే వాళ్లకు అందదు గద!"

"అందొద్దనే. ఫోన్ నాకియ్యాలె. దిగేటప్పుడు నా చేతుల నుంచి తీస్కోవాలె."

నా పనిని నేనే పాడుచేసుకుంటున్నట్టు మనసు పీకింది. అయినా సాకెట్ విప్పాను. వెనక మిగిలిన రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి, స్టీరింగ్ పక్కన కొత్తగా బిగించాను. చిన్న పనే. పూర్తయ్యేదాకా అతను నా చేతులనే చూస్తూ నిలబడ్డాడు.

అప్పటి నుంచి అప్పుడప్పుడు నా ఫోన్‌కు మెసేజ్ పెడుతున్నాడు. "ఇయ్యాల ఒక పెద్దమ్మ ఫోన్ ఇచ్చింది. దిగేటప్పుడు తల మీద చెయ్యి పెట్టింది." ఇంకో రోజు: "ఇయ్యాల అందరి ఫోన్లు ఫుల్ చార్జింగే ఉన్నయి అన్నా."

ఇన్నేళ్ల పనిలో నేను ఎంతసేపూ బండినే చూశాను. ఎంత కరెంటు లాగుతుంది, ఏ వైరు ఎటు పోవాలి, ఇవే ప్రశ్నలు. మల్లేశ్ తర్వాత ఎవరు వైరింగ్‌కు వచ్చినా, పానా పట్టే ముందు చాయ్ తెప్పించి కాసేపు కూర్చోబెడుతున్నాను. బండిలో ఎవరెవరు కూర్చుంటారు, రోజంతా ఎలా గడుస్తుందని అడుగుతున్నాను. కొందరు చెబుతారు, కొందరు తొందర పడతారు.

మల్లేశ్ మెసేజ్ కొన్నిసార్లు రోజుల తరబడి రాదు. అప్పుడు షట్టర్ దించే ముందు నేనే రాస్తాను: "తిన్నవా తమ్మీ?"