చదునైతే చదునని చెప్పు

కంటికి ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. రెండో కన్ను ఎప్పటినుంచో మసక. అందుకని ఈ వారమంతా నాకు ఇల్లంటే వాసనలూ చప్పుళ్ళే. నిన్న పొద్దు వాలే వేళ మంచం మీద పడుకుని ఉంటే ముందు గదిలోంచి మిషను నూనె వాసన వచ్చింది. మనవరాలు నా పాత కుట్టుమిషను తీసి నూనె పోస్తోంది. "చుక్క చుక్కగా పొయ్యవే, అదేమన్నా తలంటా!" అని అరిచాను. "కట్టు కట్టినా కనపడుద్దా నాయనమ్మా నీకు?" అని నవ్విందది. నాకు నవ్వు రాలేదు. సందెవేళ ఆ వాసన తగిలితే ఈనాటికీ అంతే. ఇంకా ఇల్లు చేరలేదనీ, వెలుగు అయిపోతోందనీ ఒక బెదురు. అది మీరాబీ అక్కతో తిరిగిన దారుల మీద పట్టుకున్న బెదురు.

గురజాలలో మీరాబీది మా పక్కిల్లు. ఆమె భర్త ఊరూరూ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆ పనిముట్ల సంచీ, ఆ సైకిలూ ఆమే అందుకుంది. ఎనభైల మొదట్లో మాట. అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిలు మీద, కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకి బిగించి ఆమె పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాటలాపి చూసేవాళ్ళు. అదే సమయంలో మా ఆయన నాపరాళ్ళ గనిలో దుమ్ము మింగీ మింగీ దగ్గుతో మంచాన పడ్డాడు. ఇద్దరు పిల్లలు. "మూడో తరగతి చదివినదాన్ని, నాకెవరిస్తారక్కా పని?" అని ఏడిస్తే, "చదువుతో మర తిరగదే కోటీ. రేపు పొద్దున్నే రా, సంచి మోద్దువుగాని" అంది.

సంచి మోయాలంటే ముందు సైకిలు రావాలి. జొన్న కోసిన చేలో నేర్పింది. పడితే మోళ్ళు గుచ్చుకుంటాయి, ఆ భయంతో నేను చక్రం వంకే చూసేదాన్ని, చూస్తూనే పడేదాన్ని. "చక్రం పోయేచోటికి పోద్దిలే. నువ్వు పోయే చోటు చూడు. సైకిలు నీ కంటి ఎనకాలే వస్తది" అని అరిచేది వెనకనుంచి. పిల్లల తల్లిని, ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడ్డదాన్ని, మోకాళ్ళకి పసుపు పెట్టుకుని సైకిలు నేర్చుకున్నాను. ఎక్కడో ఒక పాత సైకిలు కూడా ఆమే కుదిర్చింది.

మా ఊరిచుట్టూ ఒక్క తీరు నేల కాదు. దాచేపల్లి వైపు పోతే తెల్ల దారి: సున్నపురాతి నేల, టైరు కింద చిప్పరాళ్ళు జారుతుంటాయి, లారీ పోయిందంటే కాసేపు లోకమంతా పిండి. లోపలి పల్లెలకి నల్లరేగడి దారి. ఎండాకాలం రాయిలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ముద్ద కట్టి సైకిలు కదలదు. అందుకని వానాకాలం రాగానే మడ్‌గార్డులు ఊడదీసి అటక మీద పెట్టేవాళ్ళం, మట్టి గీకడానికి ఒక పుల్ల హ్యాండిలుకి కట్టుకునేవాళ్ళం. గుట్టల మీదుగా అడ్డదారి ఒకటుంది, దాని నిండా తుమ్మముళ్ళు. మిగిలింది కాలువ కట్ట. సాగర్ నీళ్ళు పారే కాలువ పక్కన మెత్తగా సాగిపోయే దారి. అన్నిటికన్నా సుఖమైనదీ అదే, నాకు అన్నిటికన్నా భయమైనదీ అదే.

మీరాబీకి గర్వమని పేరు. పొద్దు కాస్త వంగితే చాలు, సగం బిగించిన మర అట్లాగే వదిలేసి "రేపొస్తా" అని లేచేది. అన్నం తిని పొమ్మన్నా ఆగేది కాదు. నేనూ గర్వమే అనుకున్నాను, ఆ బండి సంగతి జరిగేదాకా. ఒక సాయంత్రం తిరిగొస్తుంటే దారిలో మిరపకాయల బండి ఒకటి ఎడ్లు విప్పి ఆపి ఉంది. బండీ, గోతాలూ, బండతను నోట్లో పెట్టుకున్న చుట్టా అన్నీ నాకు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆమె తిన్నగా పోయి దానికి గుద్దుకుంది.

"ఏంది బీబమ్మా! ఇంత బండి కనపళ్ళా?" అన్నాడతను.

"దారికడ్డంగా పెట్టిందిగాక నన్నంటావేందిరా? నీ బండికి దీపమేదీ?"

"పొద్దే గూకలా, దీపమంట దీపం!" అని అతను నవ్వాడు.

అతనితో పోట్లాడుతూనే ఆమె ఊడిన గొలుసు కోసం నేల మీద తడుముతోంది. గొలుసు ఆమె చేతికి జానెడు దూరంలో వేలాడుతోంది. మధ్యాహ్నం ఒక్క విసురులో సూదికి దారమెక్కించిన మనిషి ఈమేనా! కొంతదూరం సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాక ఆమే చెప్పింది. "రేచీకటే. చిన్నప్పుడు కాస్తే ఉండేది. ఇప్పుడు ఎండ తగ్గిందంటే కళ్ళకడ్డంగా గోడ కట్టినట్టు అయిపోద్ది. బయటికి తెలిస్తే మిషను నా చేతికెవరిస్తారే? రెండిళ్ళ పొయ్యి ఆరిపోద్ది." ఆమె పని నేర్చుకున్నదాన్నే గాని, అప్పటికి ఒక్కదాన్నే మిషను విప్పి బిగించే ధైర్యం నాకు లేదు. ఆమె చూపు పోతే నా పిల్లల కూడూ పోతుంది.

ఆనాటినుంచి సాయంత్రాలు నేను ముందు, ఆమె వెనక. నా గొంతు పట్టుకుని ఆమె వచ్చేది. నా మనసు మాత్రం పని మీద నిలిచేది కాదు. ఆమె మిషను విప్పుతుంటే నేను వాకిట్లో నీడలు కొలిచేదాన్ని.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకసారి కాలువ అవతలి ఊళ్ళో రోజమ్మ అనే ఆమె మిషను మొరాయించింది. ఇంటినిండా పెళ్ళి జాకెట్లు. "రేపు పొద్దునకి ఇయ్యకపోతే ఇంకెవరూ నాకు గుడ్డ ముక్క ఇయ్యరు బీబమ్మా" అని చేతులు పట్టుకుంది. నేను కొంగు లాగి "అక్కా, పొద్దు" అన్నాను. "ఇంకొక్క మరే" అంది. ఆ ఒక్క మర అయ్యేసరికి పడమట మబ్బు కమ్మి, జల్లు కొట్టి వెలిసింది. వెలుగు ఆ రోజు తొందరగా పోసాగింది. నల్లదారి ఇక పనికిరాదు. రోజమ్మ ఉండిపొమ్మంది. ఉంటే, దొడ్లోకి పోవాలన్నా మీరాబీ అక్కకి చెయ్యి పట్టేవాళ్ళు కావాలి, తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. ఇక కాలువ కట్టే.

"నడిచి పోదామక్కా."

"నడిస్తే సగం దారిలో నీకూ చీకటి పడద్ది. నీ కళ్ళల్లో వెలుగున్నంతసేపే మన దారి. ఎక్కు."

ఎడమపక్క నిండు కాలువ. కుడిపక్క చేలోకి నిలువు దిగుడు. నేను తొక్కుతూనే అరుస్తున్నాను. "అక్కా, జాగర్త! అమ్మో, నీళ్ళక్కా! మెల్లిగా అక్కా, జాగర్త!" వెనక చక్రం చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆమె రెండు కాళ్ళూ ఆనించి నిలబడి ఉంది. ముఖం నా వైపు లేదు, కాలువ వైపుంది.

"కోటీ, జాగర్త అంటే ఎటు తిరగాలే నేను? నీ భయం నాకెందుకు చెబుతావు? నా భయం నాకుందిలే. దారి చెప్పు."

మళ్ళీ ఎక్కాం. "గుంట ఎడమన. కుడికి రా. చాలు. ఇసక, గట్టిగా తొక్కు." కట్ట బాగున్నచోట చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్నాను. వెంటనే వెనకనుంచి కేక. "ఉన్నావటే? ఏందే పలకవు?"

"చదునుగా ఉందక్కా!"

"చదునైతే చదునని చెప్పు! నువ్వు ఊరుకుంటే నా కాళ్ళ కింద నేల లేదే!"

అప్పుడు అర్థమైంది. చదును, చదును, చదును అంటూ పోయాను. ఇంకాస్తలో కాలువ దాటే లాకులనగా ఎవరో రైతు గొట్టం వెయ్యడానికి కట్టని అడ్డంగా తవ్వి వదిలేశాడు. చూసేసరికి నా ముందు చక్రం అంచుకొచ్చింది. "ఆగు!" అని ఒక్క మాట అరిచాను. అమ్మో అనలేదు, జాగర్త అనలేదు. వెనక బ్రేకు కీచుమంది. ఆమె చక్రం వచ్చి నా చక్రానికి ఆనుకుని ఆగింది.

ఆ తవ్వకం మీదుగా ముందు సైకిళ్ళు దాటించి, తర్వాత ఆమెను చెయ్యి పట్టుకుని దాటించాను. లాకుల దగ్గర దీపం వెలుగులోకి వచ్చాక చూస్తే, ఆమె వేళ్ళు హ్యాండిలుని వదలడం లేదు. ఒక్కొక్క వేలే విప్పాల్సి వచ్చింది. "దారిలో నా మొహం ఎట్టుందో చూశావటే కోటీ?" అంది.

"లేదక్కా. ముందున్నాగా."

"మంచిది" అంది.

తర్వాత కొన్నేళ్ళకి పగటి చూపూ తగ్గింది. అప్పుడు ఆమే ఊళ్ళన్నిటికీ కబురు పంపింది, ఇకనుంచి కోటి వస్తుందని. ఒక్కదాన్నే పోతున్నా నా నోరు ఊరుకునేది కాదు. గుంట, ఇసక, చదును అని కాలువకి చెప్పుకుంటూ పోయేదాన్ని. దారిన పోయేవాళ్ళు పిచ్చిదనుకునేవాళ్ళు. ఆ అలవాటు ఇంకా పోలేదు, మనవరాలు ఎక్కిరిస్తుంటుంది. ఇంటికొచ్చాక ఆమె మంచం పక్కన కూర్చుంటే "ఇయ్యాల ఏ దారమ్మా?" అనేది. మొదటినుంచి చివరిదాకా దారంతా చెప్పేదాన్ని. ఇసక దగ్గరికొచ్చేసరికి దుప్పటి కింద ఆమె కాళ్ళు కదిలేవి. మా ఆయనకి ఊపిరి అందని రోజుల్లోనూ అంతే. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పేదాన్ని, ఏమీ మారని రోజు "నిన్నటిలాగే ఉందయ్యా" అని అదీ చెప్పేదాన్ని. ఆయన నా ముఖంలో వెతుక్కోకుండా పడుకునేవాడు. వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది.

ఈ ఉదయం దొడ్లోకి పోవాలని లేచాను. మనవరాలు నా రెక్క పట్టుకుని "జాగ్రత్త నాయనమ్మా, పడతావు, జాగ్రత్త" అని ఒకటే గోల. నాకూ భయంగానే ఉంది.

"జాగ్రత్త అంటే ఎటు పోవాలే నేను? దారి చెప్పు" అన్నాను.

అది నా చెయ్యి వదిలి ముందుకు పోయింది. "గడప ఉంది నాయనమ్మా. మెట్టు ఒకటి, కిందికి. కుడిపక్క బకెట్టు. ఆ తర్వాత ఏం లేదు" అంది.

"ఏం లేకపోతే ఏమనాలి?"

"చదును" అంది. కాలు బయట పెట్టాను.