ఏనుగు బొమ్మ వెనక గొట్టాలు

తిరుపతిలో పిల్లల ఆసుపత్రికి కొత్త వార్డులు కట్టినప్పుడు, ప్రతి మంచానికీ ఆక్సిజన్ అందే గొట్టాలు వేయించిన ఇంజనీరును నేను. ఆ వార్డులు తెరిచిన ఏడాదే, పాకాలలో ఎర్రబస్సెక్కిన ఒకామె ఒళ్లో బిడ్డతో నా పక్కన కూచునింది. ఐరాల దగ్గర పల్లె అంట. బిడ్డను మళ్లీ ఆ ఆసుపత్రిలోనే చూపించడానికి పోతా ఉండాది.

"ఊపిరాడక నీలంగా అయిపోయినాడన్నా. ఆడ గోడ మీద ఏనుగు బొమ్మ సూసినాకే నవ్వినాడు. ఆ బొమ్మేసినాయన సల్లంగుండాల."

నాకు ఒళ్లు మండింది. ఊపిరి పోసింది ఏనుగా?

"ఆ గోడలోపల ఆక్సిజన్ గొట్టాలు వేయించింది నేనేమ్మా," అన్నాను.

ఆమె అదిరిపడింది. "గోడ పగలగొట్టినారా? ఏనుగుకేం కాలేదు గదా?"

గొట్టాలు ముందు వేసినామనీ, బొమ్మ తర్వాత వేసినారనీ చెప్పినాను. ఆమె కుదుటపడి, సంచిలోంచి తమ చెట్టు మామిడిపండ్లను ఒక్కొక్కటే తీసి వాసన చూసి, మంచిది ఏరి నా చేతిలో పెట్టింది. నా కోపం కొంచెం దిగింది.

"ఆడ పని చేసేవాడివే గదన్నా. బొమ్మేసినాయనకు ఇయ్యి."

ఇచ్చినాను. అతను నా ముందే టెంకతో సహా చీకి పారేసినాడు.

అప్పటినుంచి ఏ ఆసుపత్రి పనికి పోయినా గొట్టాలను గోడలో దాచనీయను. గోడ మీదనే, మంచాల్లోని పిల్లలకు కనబడేట్టు వేయించి, పసుపు రంగు కొట్టిస్తాను. ఎందుకని అడిగితే, మరమ్మతుకు సులువని చెబుతాను.