మూసిన నోటి పులి

మనవరాలు నా కాలి పగుళ్ళకని ఏదో మందు డబ్బా తెచ్చింది. మూత తీయగానే తేనెమైనం వాసన కొట్టింది. సాల్ట్ లేక్‌లో ఏడో అంతస్తులో కూర్చున్నాను, కిటికీలన్నీ మూసే ఉన్నాయి, అయినా ఆ వాసన నన్ను ఇదే నగరంలో రేవు దగ్గరి ఖిదిర్‌పూర్‌లో కాలవ పక్క మా చిన్నప్పటి గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. వాసన వచ్చింది, అంతే.

ఆ గదిలో మైనమూ గుగ్గిలమూ కలిపి ఉడికే చట్టి ఒక మూల, అన్నం కుండ ఒక మూల ఉండేవి. రెండింటికీ ఒకటే పొయ్యి. చలికాలం పొద్దున్నే రేవు వైపునుంచి ఓడ కూత వినబడుతుంటే, బొగ్గుపొగ పైకి పోలేక సందులో మనుషుల నడుముల దాకా నిలబడి ఉంటే, పొరుగింటి బెంగాలీ పిన్ని ఖర్జూరబెల్లం పెట్టి చేసిన పిఠాలనే పిండివంట గిన్నెలో తెచ్చి ఇచ్చేది. నేను వాటిని మైనం అంటిన చేతులతోనే తినేదాన్ని. ఇప్పటికీ ఆ బెల్లం నోట్లో వేసుకుంటే నాకు మైనం రుచే తగులుతుంది.

అయ్య శ్రీకాకుళం వైపు ఇత్తడి పనిచేసే ఇంట్లో పుట్టాడు. ఇక్కడికొచ్చి రేవులో బస్తాలు మోశాడు. తీరిక దొరికితే జంతువుల బొమ్మలు పోత పోసేవాడు. తెలియనివాళ్ళకి పద్ధతి చెబుతాను. ముందు మైనంతో బొమ్మ చేయాలి. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి పూసి, ఎండబెట్టి కాల్చాలి. లోపలి మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగించిన ఇత్తడి పోసి, చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. మైనం బొమ్మ ఇక ఉండదు. మట్టి అచ్చూ ఉండదు.

పటం చూసి చేయడం అయ్యకి గిట్టదు. ఆదివారం నన్ను వెంటేసుకుని వంతెన దాటి జూకి నడిచేవాడు. చలికి గట్టిపడకుండా మైనం ముద్ద నా స్వెట్టర్ లోపల చంకలో ఉండేది. పులి బోను ముందు నిలబడి ఆ ముద్ద తీసుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. కళ్ళు పులి మీద, వేళ్ళు వీపు వెనక మైనం మీద. చేస్తున్నదాన్ని చూసుకోకూడదని ఆయన నియమం. చూసుకుంటే చెయ్యి తనకి అలవాటైన పులినే చేసేస్తుందట. కాళ్ళ కింద నారింజ తొక్కలూ వేరుశనగ పొట్టూ నలుగుతుండేవి, జనం పులిని అరవమని కేకలేస్తుండేవారు. అది ముసలి పులి. డొక్కలు లోపలికి పోయాయి, ఎడమ చెవి చిరిగింది. మాంసం బండి చక్రం చప్పుడు దూరంగా వినబడగానే చెవులు తిప్పేది, తోక ఆగిపోయేది, నోరు మాత్రం మూసే ఉండేది. అది లేవబోయే ముందు ఆ ఒక్క క్షణం కోసం అయ్య ఆ చలికాలమంతా తిరిగాడు.

“ఆ పులికేటి పెళ్ళిసూపులా, వారం వారం ఎల్తన్నావు?” అనేది అమ్మ.

“పిల్ల ఇంకా తలెత్తనేదే,” అనేవాడు అయ్య.

అమ్మకది ఊరికే ఎగతాళి కాదు. ఇత్తడి బొమ్మల దుకాణం బాబు ఒకాయన పులిని చేసి చూపించమన్నాడు. నచ్చితే తన కార్ఖానాలో పని ఇస్తానన్నాడు. నచ్చకపోతే అయ్యకి మళ్ళీ బస్తాలే. అప్పటికే ఆయన మెట్లెక్కుతూ నడుం పట్టేసి, మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోతున్నాడు.

మైనం పులి పూర్తయింది. కొబ్బరికాయంత ఉంటుంది. చెవులు తిప్పి, నోరు మూసుకుని ఉంది. దాన్ని చూస్తే బండి వస్తోందని నేనే వెనక్కి తిరిగి చూశాను. మొదటి పూత ఎప్పుడూ నాదే. బస్తాలు మోసి అయ్య వేళ్ళు గరుకుదేలాయి, మైనం మీద గీతలు పడతాయి. గుడ్డలో వడకట్టిన గంగమట్టిలో పేడ కలిపి, వేలితో మీగడలా పూయాలి. ఆ రోజు పనికి పోతూ, “నానొచ్చేతలికి పూసి ఉంచు గుంటా,” అన్నాడు.

ఆయన సందు మలుపు తిరిగాక అమ్మ తన జడలోంచి పిన్ను తీసి నా చేతిలో పెట్టింది.

“దాని నోరు తెరువు. కోరలెట్టు.”

“అయ్య తిడతాడే.”

“మీ అయ్య పులిని సూసినాడు. దుకాణం బాబు సూసినాడేటి? ఆ బాబుకి నోరు తెరిస్తేనే పులి. నడుం ఇరిగినాక తిట్టడానికైనా ఓపికుంటాదేటే మీ అయ్యకి?”

నాకు పదేళ్ళు. భయపడ్డానని రాస్తే అబద్ధం. పిన్ను కాల్చి పెదవుల మధ్య గీశాను, దవడ కిందికి వంచాను, నాలుక పెట్టాను, నాలుగు కోరలు పెట్టాను. చక్కగా కుదిరాయి. గర్వంగా ఉంది. ఆ వెంటనే మట్టి పూసేశాను.

మట్టి ఆరాక కాల్చి, పోత పోసి, అయ్య పగలగొట్టడం మొదలుపెట్టాడు. వెనక కాళ్ళు వచ్చాయి, తోక వచ్చింది, డొక్క, చిరిగిన చెవి వచ్చాయి. తరవాత నోరు. సుత్తి కింద పెట్టాడు. బొటనవేలు ఆ నోట్లో పెట్టి అటూ ఇటూ రాశాడు.

“ఎవులు?”

“నానే,” అన్నాను. అమ్మ పొయ్యి దగ్గర బియ్యం కడుగుతోంది, కడుగుతూనే ఉంది.

“కోరలు బాగున్నాయి,” అన్నాడు. మిగిలిన మట్టి గీకడానికి కూర్చున్నాడు.

దుకాణం బాబు మురిసిపోయాడు. “దారుణ్, మిస్త్రీ,” అన్నాడు, బ్రహ్మాండంగా ఉందని బెంగాలీలో. అయ్యకి పని దొరికింది. ఆయన చేతులు ఆడినన్నాళ్ళూ ఆ కార్ఖానాలో నోరు తెరిచిన పులులే పోశాడు. నడుం నిలబడింది. మూడు పూటలా తిన్నాం, అప్పటికి ఉయ్యాల్లో ఉన్న చెల్లెలు పెద్దయ్యాక బడికి పోయింది. అమ్మ చేసింది తప్పని నేననను. అయ్య మాత్రం ఆ తరవాత ఏ ఆదివారమూ వంతెన దాటలేదు. ఎల్దామా అని నేనడిగితే, “సూసేసినాం కదే,” అనేవాడు.

ఇప్పుడా సందులో మోటారు సామాన్ల కొట్లున్నాయి. కార్ఖానా ఎప్పుడో మూతపడింది. నోరు తెరిచిన పులులు మాత్రం ఎవరి ఇంటికి పోయినా అద్దాల బీరువాలో కనబడతాయి, అందులో అయ్య పోసినవి ఏవో నేను పోల్చలేను. ఆ మైనం పులిని నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళం ముగ్గురం. ఇద్దరు పోయారు. నాకు బొమ్మ గీయడం రాదు, మైనం పట్టే వేళ్ళు ఇప్పుడు లేవు. యాభై దాటాక చెల్లెలు కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలున్నాయి. చెవులు ఇలా తిప్పింది, డొక్క ఇంత లోపలికుంది, నోరు మూసే ఉంది అని వాటితో రాశాను.